ఈగలు తోలే చేయి

మంగాయమ్మకి నడక పోయిందంటే ఆత్రేయపురంలో ముందు ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? పొద్దున్నే పాలకేంద్రానికి వెళ్ళివస్తూ దారిలో ఒకరితో పోట్లాడి, ఇంకొకరికి కషాయం చెప్పి, మరొకరి పిల్లకి సంబంధం మాట్లాడి, పొయ్యి వెలిగించే వేళకి ఇంటికి చేరిపోయే మనిషి ఆవిడ. డెబ్బై దాటినా ఆ నోటికీ ఆ కాళ్ళకీ అలుపు లేదు. అలాంటిది ఓ రోజు పూతరేకుల కుండ ముందు పీట మీంచి లేవబోయి వెల్లకిలా పడింది. తుంటి ఎముక అతుక్కుంది గానీ కాళ్ళు నడక మరిచిపోయాయి. పట్టుకుని నిలబెడితే నిలబడుతుంది. అడుగు వెయ్యమంటే మాత్రం ఏ కాలు ఎత్తాలో తెలియక అక్కడే వణుకుతూ ఉండిపోతుంది.

ఆవిడ ఏడ్చింది కాళ్ళ కోసం కాదు, చంటి కోసం.

చంటి ఆవిడ కూతురు. పిలుపే చంటి గానీ వయసు నలభై దాటింది. తల్లి కంటే జానెడు పొడుగు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పుట్టినప్పుడు ఏడవడం ఆలస్యమైందట, ఆ ఆలస్యం ఆమెకి జన్మంతా తీరలేదు. కొద్ది మాటలే వచ్చు. స్నానం చేయించాలి, జడ వెయ్యాలి. వీధి తలుపు తీసి ఉంటే కాలవ గట్టు దాకా వెళ్ళిపోతుంది, వెనకాలే పరిగెత్తాలి. మంగాయమ్మ మంచాన పడ్డాక మరిది కొడుకు వీర్రాజూ, అతని భార్యా ఇదంతా నెత్తినేసుకున్నారు. ఎన్నాళ్ళని చేస్తారు పాపం! చివరికి వీర్రాజు ఓ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, తల వంచుకునే మాట్లాడాడు.

"పెద్దమ్మా, నువ్వేం అనుకోకు. ఇప్పుడు నీకే ఓ మనిషి కావాలి. చంటక్కని చూసుకోడం మా ఆవిడ వల్ల అవ్వట్లేదు. రాజమండ్రిలో ఇలాంటోళ్ళకి ఆశ్రమం ఉందంట. మంచోళ్ళేనంట."

"మంచోళ్ళే అయ్యుంటార్రా, కాదన్లేదు," అంది మంగాయమ్మ. "దానికి అన్నంలో పెరుగే ముందు వెయ్యాలని ఆళ్ళకెవడు చెప్తాడు?"

వీర్రాజు కళ్ళు తుడుచుకుని లేచిపోయాడు. ఆ అబ్బాయి గుండె మంచిది. మర్నాటి నించి ఆశ్రమం ఊసు మానేసి, పెద్దమ్మని నడిపించే దారి ఎక్కడైనా ఉందా అని నలుగురినీ అడగడం మొదలుపెట్టాడు. అలా తెలిసిందే రాజమండ్రి శివార్లలో కొత్తగా పెట్టిన కదలికల పరిశోధన కేంద్రం. నడక పోయిన పెద్దవాళ్ళ మీద అక్కడ కొత్తరకం చికిత్స ఒకటి ప్రయోగం చేస్తున్నారు. ఆటోలో ముందు మంగాయమ్మ, పక్కన చంటి, చంటి ఒళ్ళో అన్నం క్యారియరు. అలా మొదలైంది.

అక్కడ వీళ్ళని చూసుకునే పరిశోధకురాలి పేరు హిమజ. ఫిజియోథెరపీ చదివిన పిల్ల, ముప్పై ఉంటాయేమో. వస్తూనే మంగాయమ్మ చేతులకీ కాళ్ళకీ మేజోళ్ళలాంటి పల్చటి తొడుగులు వేసింది. ఎదురుగా గోడ మీద తెరలో మంగాయమ్మ ఆకారం వెలిగింది. దాన్నిండా గీతలు, కొన్ని సన్నంగా, కొన్ని లావుగా.

"ఇదంతా నేనేంటి?" అంది మంగాయమ్మ. "నరాలు తేలిపోయిన దొండకాయలా ఉన్నాను."

హిమజ నవ్వింది. "మామ్మగారూ, మనం ఒకే పని ఏళ్ళ తరబడి చేస్తుంటే నరాల్లో దానికో దారి పడిపోతుందండి. ఈ గీతలు అవే. మీరు పడినప్పుడు నడక దారి చెదిరిపోయింది. చిన్నవాళ్ళయితే వ్యాయామం చేయిస్తే ఇంకో దారి పడుతుంది. మీ వయసులో కొత్త దారికి చోటుండదు. అందుకని బాగా అరిగిన పాత దారి ఒకటి తీసి, నడకకి ఇచ్చేస్తాం. ఆ పాత పని మాత్రం ఇక మీకు రాదు."

"అంటే బీరువా నిండిపోయింది. కొత్త చీర పెట్టాలంటే పాతది తియ్యాలి."

"అంతేనండి!"

"అయితే చిరిగిందేదో చూసి తీసెయ్. దానికింత ఆలోచనెందుకు?"

ఆలోచన ఉంది. సన్నటి గీత పనికిరాదు, నడక బరువు మొయ్యాలంటే లావుగా అరిగిన దారే కావాలి. అందుకని ముందు, వదులుకోలేని పనులేవో మంగాయమ్మనే చెప్పమంది హిమజ. ఒక్కోటీ తొడుగు వేసుకుని చేసి చూపిస్తే యంత్రం దాని అచ్చు తీసి దాచుకుంటుంది. అచ్చు తీసిన పని జోలికి ఎవరూ వెళ్ళరు, పొరపాటున పోయినా ఆ అచ్చుతో తిరిగి తెచ్చుకోవచ్చు.

మంగాయమ్మ చీర కొంగు దోపుకుని కూర్చుంది. మొదటిది రేకు తియ్యడం. ఎదురుగా కుండ బోర్లించి ఉన్నట్టే, పిండినీళ్ళలో గుడ్డ ముంచినట్టే, మణికట్టు అలా ఒంపు తిప్పి గాల్లో రేకు తీసేసింది. గదిలో ఉన్నవాళ్ళందరికీ నోరూరింది. "ఇది పోతే మాకు పూట గడవదు, దీన్ని ముట్టుకోకండి," అని హెచ్చరించింది. తర్వాత చంటికి జడ వెయ్యడం. అది చంటి జుట్టు మీదే చేసి చూపించింది. తర్వాత ముగ్గు, బియ్యం చెరగడం, ముద్ద కలిపి పెట్టడం. ఇంకేమైనా ఉన్నాయా అంటే, "ఇంకేం పనులమ్మా, ఇవే చచ్చేంత," అంది.

హిమజ తెర మీద ఓ గీత దగ్గర ఆగిపోయింది. కుడిచేతి గీత అది, అన్నిటికంటే లావుగా ఉంది.

"దీని పేరు చెప్పలేదు మామ్మగారూ. మోచెయ్యి కొద్దిగా లేచి మళ్ళీ పడుతోంది. పడ్డప్పుడు బరువేం లేదు. ఇదేం పనండి?"

మంగాయమ్మ తెరకేసి కళ్ళు చికిలించి చూసింది. ఎవరిదో చెయ్యి ఉత్తి గాల్లో మెల్లగా లేస్తూ పడుతూ ఉంది.

"ఈగలు తోలుకోడం అయ్యుంటాది," అంది. "బెల్లం దగ్గరా నెయ్యి దగ్గరా కూర్చుని బతికినదాన్ని. పుట్టి బుద్ధెరిగిన కాడ్నించీ తోలతానే ఉన్నాను, అయ్యి వస్తానే ఉన్నాయి."

అందరూ పకపకా నవ్వారు. చంటి కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది.

"అయితే దీన్ని తీసుకోమంటారా?"

"తీసుకో తల్లీ, తీసుకో. ఈగల సంగతి చంటి చూసుకుంటాది."

ఈగలకి అచ్చెందుకని ఎవరూ దాని అచ్చు తియ్యలేదు.

ఆ వర్షాకాలమంతా రాజమండ్రిలోనే గడిచింది. వీళ్ళుండేది కేంద్రం వెనక గది. పగలు తొడుగులు వెచ్చబడేవి, తొడల్లో చీమలు పాకినట్టుండేది. పక్కనే స్టూలు మీద చంటి కూర్చుని, క్యారియరు మూత తీస్తూ పెడుతూ ఉండేది. దారి మళ్ళించే పని కొద్దికొద్దిగా సాగుతుందనీ, చివరి రోజు దాకా పాత దారి చెక్కుచెదరదనీ హిమజ చెప్పింది. చెప్పినట్టే ఆఖరి రోజు వచ్చింది. మంగాయమ్మని నిలబెట్టి, హిమజ చెయ్యి వదిలేసింది.

కుడికాలు లేచింది. దాని వెనక ఎడమకాలు. ఎవరి కాళ్ళో చూస్తున్నట్టు మంగాయమ్మ కిందకే చూస్తూ నడిచింది. గది చివర్లో చంటి నిలబడి ఉంది. అక్కడిదాకా వెళ్ళి కూతురి చెంపలు రెండు చేతులా పట్టుకుని, "ఒసేయ్, వచ్చేశానే!" అని గట్టిగా ఏడ్చేసింది. చంటి చప్పట్లు కొట్టింది. హిమజ అటు తిరిగి ముక్కు చీదుకుంది. ఆ పూట కేంద్రంలో అందరికీ మంగాయమ్మ స్వహస్తాలతో పూతరేకులు చేసి పంచింది. రేకు తీసే చెయ్యి ఎక్కడా తడబడలేదు.

ఆ సాయంత్రమే ఊళ్ళో ఆటో దిగి, వీధంతా చూస్తుండగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఇంటిమెట్లెక్కింది. కూతురికి తనే స్నానం చేయించింది. అన్నంలో ముందు పెరుగు వేసి పెట్టింది. రాత్రి పడుకునే వేళకి చంటి ఎప్పట్లాగే గోడవైపు తిరిగి, వీపు తల్లికిచ్చి పడుకుంది. మంగాయమ్మ పక్కన వాలి, కూతురి మీద చెయ్యి వేసి జోకొట్టబోయింది.

చెయ్యి లేవలేదు. లేపితే లేచింది గానీ, ఎంత లేపాలో ఎక్కడ వెయ్యాలో దానికి తెలియలేదు. ఓసారి దబ్బున పడింది. ఓసారి వీపు దాకా పోకుండానే ఆగిపోయింది. మంగాయమ్మ లేచి కూర్చుని, చెయ్యి విదిలించి, మళ్ళీ మొదలెట్టింది. తిమ్మిరనుకుంది. ఎడంచేత్తో కొట్టి చూసింది, అది అసలే రాదు.

చంటి ఇటు తిరిగింది. తల్లి ముఖం చూసింది. తర్వాత ఆ చేతిని చూసింది. దాన్ని మెల్లగా తీసి పరుపు మీద పెట్టేసింది.

"నువ్వు కాదు," అంది. "అమ్మ."

అప్పటికి తెలిసొచ్చింది మంగాయమ్మకి, తెర మీద గాల్లో లేచి పడిన చెయ్యి ఏం చేస్తోందో. ఈగలా! ఎంత మాటన్నాను! పుట్టిన నాటి నించీ ఈ పిల్ల జోకొట్టకుండా ఒక్కనాడు పడుకోలేదు. పగలూ రాత్రీ, జ్వరంలో, పెళ్ళి విడిదిళ్ళలో, ఎక్కడున్నా ఆ చెయ్యి వీపు మీద పడితేనే కళ్ళు మూతపడేవి. కానీ హిమజ అడిగింది పనుల గురించి. మంగాయమ్మ లెక్కలో పనంటే నడుం వంచి చేసేది. పక్కలో పడుకుని, కూతురి వెచ్చదనం తగులుతుండగా తనూ కునుకుతూ చేసేదాన్ని పనంటారని ఆవిడకి ఎలా తోస్తుంది? అందుకే నోటికి రాలేదు.

చంటి ఆ రాత్రి పడుకోలేదు, మర్నాటి పగలూ పడుకోలేదు. తర్వాత కూడా అంతే, కాసేపు కళ్ళు మూస్తుంది, ఉలిక్కిపడి లేచి అమ్మేదని వెతుకుతుంది. ఎదురుగానే ఉన్న అమ్మని చూసి తల అడ్డంగా ఊపుతుంది. చంటికి నిద్ర కరువైతే ఫిట్సు వస్తాయని చిన్నప్పుడే డాక్టరు చెప్పాడు. ఎన్నో ఏళ్ళుగా రానిది ఆ వారం వంటింటి గుమ్మంలో వచ్చింది. వీర్రాజు వచ్చి పట్టుకున్నాడు కాబట్టి తల పగల్లేదు. నురగ తుడిచి, మంగాయమ్మ అదే చీరతో చంటిని వెంటబెట్టుకుని రాజమండ్రి బయల్దేరింది.

హిమజకి విషయం చెప్పేసరికి ఆ పిల్ల ముఖంలో నెత్తురు లేదు.

"నేను ఇంకోసారి అడగాల్సింది మామ్మగారూ. అంత లావు గీత ఈగలది ఎలా అవుతుందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే..."

"నువ్వడిగావు, నేనే తప్పు చెప్పాను. ఇప్పుడు ఏడ్చి ఏం చేద్దాం? నా నడక తీసేసి నా చెయ్యి నాకిచ్చెయ్."

"నడక పోతే చంటమ్మని ఎవరు చూస్తారండి?"

మంగాయమ్మ ఆలోచించలేదు. "ఆశ్రమం వాళ్ళే చూస్తారు. నేనూ అక్కడే ఓ మూల పడుంటా. రాత్రికి దీన్ని నా పక్కన పడుకోబెడితే చాలు."

హిమజ ఉన్న మాట చెప్పింది. తిరిగివ్వాలంటే అచ్చు కావాలి. తెర మీద కనబడింది ఆ పని గీత మాత్రమే, దాని లయ కాదు. అచ్చు తియ్యాలంటే ఆ జో సరిగ్గా అలాగే కొట్టగలిగే చెయ్యి ఇంకోటుండాలి. పైగా కొత్త నడక గట్టిపడిపోతే ఇక వెనక్కి తిప్పలేరు, దానికీ ఎక్కువ రోజులు లేవు.

ఇక మొదలైంది వెతుకులాట. హిమజే తొడుగు వేసుకుని చంటి వీపు మీద జోకొట్టింది. చంటి చెయ్యి తీసేసింది. కేంద్రంలో వంటచేసే ఆవిడ, నర్సులు, మనవల్ని పెంచిన పెద్దవాళ్ళు, ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. చంటి అందరి చేతులూ మర్యాదగా తీసి పక్కన పెట్టింది. ఎలా కొట్టేవారో చెప్పండి అని హిమజ మంగాయమ్మని అడిగింది. ఆ లయ ఆవిడ చేతికే తెలుసు, ఆవిడకి ఎప్పుడూ తెలియదు.

మధ్యాహ్నం దాటింది. చంటి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అందరూ భోజనాలకి వెళ్ళారు, హిమజ మాత్రం గుమ్మం దగ్గర తొడుగు పట్టుకుని నిలబడిపోయింది. మంగాయమ్మకి అప్పుడు తన్నుకొచ్చింది దుఃఖం. వెనక గదిలో మంచం మీద ముడుచుకుని, గోడవైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నడకెందుకే నాకు, పాడు నడక! నిన్ను నిద్రపుచ్చలేనిదాన్ని, నడిచి ఎక్కడికెళ్ళాలే!"

చంటి వచ్చి మంచం మీద కూర్చుంది. కాసేపు తల్లి వీపు అదురుతుంటే చూసింది. తర్వాత పక్కన వాలి, తన పెద్ద చెయ్యి ఆ వీపు మీద వేసింది.

చిన్నవి రెండు. కాస్త ఆగి, కొంచెం బరువుగా ఒకటి. చివర అరచేత్తో కిందికి ఒక నిమురు. మళ్ళీ చిన్నవి రెండు.

మంగాయమ్మ ఏడుపు ఆగిపోయింది. ఆవిడ నలభై ఏళ్ళుగా ఇచ్చిందే గానీ, అది వీపుకి ఎలా ఉంటుందో ఎప్పుడూ ఎరగదు. ఇలా ఉంటుందా! ఆ ఆగిన చోట ఇంకోటి వస్తుందని ఎంత నమ్మకంగా ఉంటుందో, ఆ నిమురుకి ఒంట్లో బరువంతా ఎలా దిగిపోతుందో! ఇదంతా నేనే చేశానా అనుకుంది. తుంటి విరిగిన దగ్గర్నించీ బిగబట్టుకున్న ఒళ్ళు వదులైంది. లేచి హిమజని పిలుద్దామనుకుంది, పిలవలేదు. కళ్ళు మూతలు పడ్డాయి.

మెలకువ వచ్చేసరికి ఎండ కిటికీ దిగిపోయింది. వీపు మీద చెయ్యి అలాగే ఉంది, కదలడం లేదు. దాని వెనక చంటి నోరు తెరుచుకుని గుర్రు పెడుతోంది. హిమజ గుమ్మంలోనే నేల మీద కూర్చుని ఉంది, కళ్ళు ఉబ్బిపోయి.

"ఎప్పుడు పడుకుంది?" అని గుసగుసగా అడిగింది మంగాయమ్మ.

"మీ తర్వాత కాసేపటికేనండి. మీకు కొడుతూ కొడుతూనే పడుకుండిపోయింది." హిమజ దగ్గరికి జరిగింది. "మామ్మగారూ, అచ్చు దొరికింది. రేపు చంటమ్మ చేతికి తొడుగు వేసి తీసుకుంటే, మీ చెయ్యి మీకు ఇచ్చెయ్యగలను. నడక పోతుంది. మీరెలా అంటే అలా."

మంగాయమ్మ తన కుడిచేతిని కళ్ళముందు పెట్టుకుని చూసుకుంది. అరచెయ్యి తిప్పి చూసింది. ఆ చెయ్యంటే ఆవిడకి ఎంత ఇష్టమో ఆ క్షణం దాకా ఆవిడకే తెలియదు.

"నాలుగు రోజులు చూద్దాం అమ్మాయ్," అంది. "దీనికి ఇవాళ కుదిరింది. రేపు కూడా కుదరాలిగా."

గడువు ఇంకా ఉండగానే హిమజ తొడుగులు బ్యాగులో సర్దుకుని ఆత్రేయపురం వచ్చింది. మధ్యాహ్నం వేళ. పొయ్యి దగ్గర కుండ ఇంకా వేడిగానే ఉంది, పళ్ళెంలో మడిచిన రేకులున్నాయి, ఇల్లంతా నెయ్యి వాసన. లోపల మంచం మీద మంగాయమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. వెనక చంటి, ఒక మోచేతి మీద ఆనుకుని, చాలా శ్రద్ధగా జోకొడుతోంది.

"ఎవరూ, హిమజేనా? చప్పుడు చెయ్యకు," అంది మంగాయమ్మ అటు తిరక్కుండానే. "నన్ను పడుకోబెడతాంది. నేను పడుకుంటే గానీ అది పడుకోదు. రోజూ ఇదే వరస."

హిమజ మంచం పక్కన నేల మీద కూర్చుంది. "ఏమనుకున్నారండి?"

"బాధ లేదని అబద్ధం చెప్పను. చెయ్యి దాని వీపు మీదికి పోతానే ఉంటాది, పోయి ఊరికే అలా పడుంటాది. కానీ ఒక మాట చెప్తా విను. నేను పోయాక దీన్నెవరు నిద్రపుచ్చుతారా అని, ఇది పుట్టిన కాడ్నించీ నాకు సరైన నిద్దర లేదు. అది ఇప్పుడు దాని చేతిలోనే ఉంది. నాకు కాకపోతే ఇంకెవరికైనా కొడతాది. వీర్రాజు పెళ్ళానికి నెలలు నిండుతున్నాయి, అక్కడ పిల్లలకేం తక్కువ? నా నడక నాకుంచెయ్, అంతదాకా దీన్ని చూసుకోవాలి."

"సరేనండి." హిమజ కొంగుతో కళ్ళొత్తుకుంది. "అచ్చు మాత్రం తీసి పెట్టుకోనా? మీ ఇద్దరి కోసం?"

"తీసుకో. ఇది పడుకున్నాక కాదు, లేచాక తీసుకో. పేరు మాత్రం ఈగలని రాయకు."

హిమజ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ష్," అంది చంటి కోపంగా. "అమ్మ బజ్జో."

"బజ్జున్నా తల్లీ, బజ్జున్నా." మంగాయమ్మ కళ్ళు మూసుకుంది. చిన్నవి రెండు, కాస్త ఆగి బరువుగా ఒకటి, ఒక నిమురు. పొయ్యి దగ్గర్నించి బెల్లం మరిగిన ఈగ ఒకటి వచ్చి ఆవిడ చెంప మీద వాలింది. చంటి జోకొట్టే చెయ్యి ఆపలేదు, రెండో చేత్తో దాన్ని తోలేసింది.